పాట పెట్టుకున్నా ఆ పాట మోగదేం?

యాంకర్: నమస్కారం. రింగ్‌టోన్లు, కాల్ సెట్టింగుల మీద మీ సందేహాలకు జవాబు చెప్పడానికి మొబైల్ టెక్నీషియన్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్... హలో, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా అబ్బాయి ఫోన్ చేస్తే వేరే పాట రావాలని పెట్టుకున్నాను. పెట్టినట్టే చూపిస్తోంది. తీరా వాడు చేస్తే అందరికీ వచ్చే మోతే వస్తోంది.

టెక్నీషియన్: అబ్బాయి నంబరు రెండు పేర్లతో ఉందేమో చూశారా అమ్మా?

శ్రోత: ఉంది బాబూ. ముద్దుపేరుతో ఒకటి, అసలు పేరుతో ఒకటి.

టెక్నీషియన్: అదీ సంగతి. కాల్ వచ్చినప్పుడు తెర మీద ఏ పేరు పడుతుందో, ఆ పేరుకి పెట్టిన పాటే మోగుతుంది. మీరు రెండో పేరుకి పెట్టుంటారు. కాంటాక్ట్స్‌లో ఆ రెండింటినీ మెర్జ్ చేసి, అంటే ఒక్కటిగా కలిపి, పాట మళ్లీ పెట్టండి. ఇంకోటి, నంబరు సిమ్‌లో సేవ్ అయి ఉంటే చాలా ఫోన్లలో రింగ్‌టోన్ పెట్టే ఆప్షనే కనిపించదు. సిమ్‌లో పేరు, నంబరు పడతాయి గానీ పాట గుర్తుపెట్టుకునే చోటు ఉండదు. అలాంటప్పుడు ఆ నంబర్ని ఫోన్‌లోకి కాపీ చేసుకోవాలి.

శ్రోత: అయితే ఇంట్లో అందరికీ తలో పాట పెట్టేస్తాను.

టెక్నీషియన్: వద్దమ్మా! ఇద్దరు ముగ్గురికి చాలు. పది పాటలైతే ఎవరిది ఏదో మీకే గుర్తుండదు.

యాంకర్: తర్వాతి కాల్. చెప్పండి సార్.

శ్రోత: నా వయసు డెబ్బై దాటింది. ఫోన్ పక్క గదిలో మోగితే వినపడదు. సౌండ్ మొత్తం పెంచేశాను.

టెక్నీషియన్: పాటలు వినే సౌండ్ వేరు, రింగ్ సౌండ్ వేరు సార్. సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిస్తే రెండూ విడిగా కనిపిస్తాయి. పెంచింది రింగ్‌దేనా?

శ్రోత: రింగ్‌దే. మనవరాలు చూసింది కూడా.

టెక్నీషియన్: ఏ టోన్ పెట్టుకున్నారు?

శ్రోత: పిట్టల కిచకిచ.

టెక్నీషియన్: అక్కడే ఇబ్బంది. వయసు మీద పడితే ముందుగా తగ్గేది సన్నటి, కీచు శబ్దాలు వినే శక్తి. సౌండ్ ఎంత పెంచినా పిట్టల కూత చెవికి సరిగా అందదు. అలాగని లోతైన డప్పు మోత కూడా వద్దు. ఫోన్ స్పీకర్ చిన్నది, అంత లోతు శబ్దాన్ని బయటికి తేలేదు. మనిషి గొంతు స్థాయిలో ఉన్న టోన్ చూసుకోండి. పాటే కావాలంటే, నేరుగా గొంతు అందుకునే చోట కోయించుకోండి. మెల్లగా మొదలయ్యే సంగీతం పెడితే అది ఊపందుకునేలోపే కాల్ కట్ అయిపోతుంది. కాల్ వచ్చినప్పుడు కెమెరా లైట్ మెరిసే ఏర్పాటు కూడా ఉంది. ఐఫోన్‌లోనూ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట దొరుకుతుంది.

శ్రోత: వినపడి లేచి వచ్చేసరికి ఆగిపోతోంది. ఇంకాస్తసేపు మోగేలా చేయొచ్చా?

టెక్నీషియన్: అది ఫోన్ చేతిలో లేదు సార్, నెట్‌వర్క్ చేతిలో ఉంటుంది. మీరు ఎత్తకపోతే కాల్ వాయిస్‌మెయిల్‌కో వేరే నంబరుకో వెళ్లేలా ఉంటే, అలా వెళ్లేముందు మోగే గడువుని సాధారణంగా 5 నుంచి 30 సెకన్ల దాకా, ఐదేసి సెకన్ల లెక్కన మార్చుకోవచ్చు. కస్టమర్ కేర్‌కి చెప్పి 30 పెట్టించుకోండి.

యాంకర్: ఇంకో కాల్. హలో?

శ్రోత: అన్నా, రాత్రి ఫోన్ మోగకుండా డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుంటాను. అమ్మ చేస్తే మాత్రం మోగాలి.

టెక్నీషియన్: ఆండ్రాయిడ్ అయితే అమ్మ నంబరుకి స్టార్ పెట్టి, డు నాట్ డిస్టర్బ్‌లో స్టార్ ఉన్నవాళ్ల కాల్స్‌ని అనుమతించు. ఐఫోన్ అయితే అమ్మ కాంటాక్ట్‌లో రింగ్‌టోన్ దగ్గర ఎమర్జెన్సీ బైపాస్ ఉంటుంది, అది ఆన్ చెయ్. మళ్లీ మళ్లీ చేసేవాళ్లని అనుమతించే ఆప్షన్ కూడా ఉంది. ఆండ్రాయిడ్‌లో ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి వస్తే మోగుతుంది, ఐఫోన్‌లో 3 నిమిషాల్లో వస్తే. కాకపోతే పట్టు వదలని సేల్స్ కాల్ కూడా అలాగే మోగుతుంది మరి!

యాంకర్: మరో కాల్. త్వరగా చెప్పండమ్మా.

శ్రోత: నేను పెట్టిన పాట నాకు ఫోన్ చేసినవాళ్లకి వినపడట్లేదండీ.

టెక్నీషియన్: వాళ్లకి వినపడేది కాలర్ ట్యూన్. అది నెట్‌వర్క్ వినిపించేది, ఫోన్‌లో మార్చేది కాదు. ఆ సర్వీసు విడిగా తీసుకోవాలి.

యాంకర్: చివరి కాల్.

శ్రోత: సార్, నిన్న ఎవరో పార్సిల్ వాళ్లమని ఫోన్ చేసి స్టార్ 21 స్టార్, తర్వాత ఏదో నంబరు, చివర హ్యాష్ కొట్టమన్నారు. కొట్టాను. అప్పట్నుంచి ఒక్క కాల్ కూడా రావట్లేదు. రింగ్‌టోన్ పాడైందా?

టెక్నీషియన్: రింగ్‌టోన్ కాదమ్మా, మీ కాల్స్ అన్నీ ఆ నంబరుకి పోతున్నాయి! ఓటీపీ కాల్‌లో చదివి వినిపించే చోట అది కూడా వాళ్లకే వెళ్తుంది. ఇప్పుడే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ కొట్టి కాల్ బటన్ నొక్కండి, ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది. ఈ కోడ్ కొన్ని నెట్‌వర్కుల్లో పనిచేయదు. అప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరిచి ఆపేయండి, లేదా కస్టమర్ కేర్‌తో మాట్లాడండి. ఆ తర్వాత బ్యాంకుకి చెప్పి, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, మీకు తెలియని ఫోనో కంప్యూటరో మీ ఖాతాకి కలిపి ఉందేమో చూసుకోండి.

శ్రోత: అయ్యో... ఈ ఫోన్‌లోనే మాట్లాడుతున్నానండీ.

యాంకర్: అయితే మాతో మాట్లాడింది చాలమ్మా, వెంటనే పెట్టేసి ఆ పని చూడండి.