ఫోన్‌లో ఉన్న ఆ వంకర పీక్ గురించి ముందు అడగండి

[తెర మీద: ఒక ఫోన్, అందులో హడావిడిగా తీసిన క్రొమటోగ్రామ్ ఫొటో]

ఈ పీక్ చూడండి. శాంపిల్‌లోని ఒక్కో పదార్థం విడిపోయి బయటికి వచ్చినప్పుడు గ్రాఫులో కొండలా లేచేదే పీక్, ఆ గ్రాఫే క్రొమటోగ్రామ్. లేచేటప్పుడు నిటారుగానే లేచింది, దిగేటప్పుడు మాత్రం తోక సాగుతూ పోయింది. ఎగ్జిబిషన్‌లో మా కాలమ్‌ల (పదార్థాలను విడదీసే గొట్టాల) స్టాల్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఇలాంటిదొకటి ఉంటుంది, అడిగితే తప్ప బయటికి తీయరు. క్రొమటోగ్రఫీ సామాన్లు అమ్మేవాళ్లు అంత ఖర్చు పెట్టుకుని ఎగ్జిబిషన్‌లకు వెళ్లి ఏం చేయాలి అంటే, ఈ ఫొటో బయటికి తీయించాలి అంటాను నేను.

ఈ రంగానికి కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. క్రొమటోగ్రఫీ అంటే కలగలిసిపోయిన పదార్థాలను విడదీయడం. 1900ల మొదట్లో మిఖాయిల్ త్స్వెట్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త ఆకుల సారాన్ని కాల్షియం కార్బొనేట్ పొడి నింపిన గాజు గొట్టంలోంచి పంపిస్తే పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయింది. 1907లో జర్మన్ వృక్షశాస్త్ర సంఘం ముందు దాన్ని చేసి చూపించాడు కూడా. ఆయన చేతిలో ఉన్నది గాజు గొట్టం, రంగులు కళ్లముందే కనపడ్డాయి. మన చేతిలో ఉన్నది స్టీలు గొట్టం, లోపల 5 మైక్రాన్లో ఇంకా చిన్నవో సిలికా రేణువులు, బయటికి ఏమీ కనపడదు. పది స్టాళ్లలో పది కాలమ్‌లు పక్కపక్కన పెడితే అన్నీ ఒకేలా ఉంటాయి, ఇక బ్రోచర్ చేతిలో పెట్టి పంపిస్తే వచ్చినవాళ్లకు ఏం గుర్తుంటుంది?

[తెర మీద: పెద్ద హాలు, వరుసగా స్టాళ్లు]

1950లో పిట్స్‌బర్గ్‌లో మొదలైన పిట్‌కాన్ కానీ, రెండేళ్లకోసారి మ్యూనిక్‌లో జరిగే అనలిటికా కానీ, ఇలాంటి ఎగ్జిబిషన్‌లో మన ముందు ఆగిన మనిషి ఇచ్చేది ఒకటి రెండు నిమిషాలే. మొదట్లో నేను ఆ రెండు నిమిషాలూ రేణువుల సైజు గురించి గడగడా చెప్పేవాణ్ని. ఒకావిడ ఓపిగ్గా అంతా విని, "మాది గ్యాస్ క్రొమటోగ్రఫీ అండీ" అని చెప్పి వెళ్లిపోయారు. నేను చెప్పిందంతా ద్రవంతో నడిచే కాలమ్‌ల గురించి. ఆవిడ సమయం వృథా చేశానని చాలా బాధపడ్డాను. అప్పటినుంచి మొదటి మాట నాది కాదు, వాళ్లదే. నేను అడిగేది ఒక్కటే: "ఈ మధ్య మిమ్మల్ని ఏ పీక్ ఏడిపిస్తోందండీ?"

అప్పుడు ఫోన్ బయటికి వస్తుంది.

[తెర మీద: పీక్ ఫొటో దగ్గరగా, మూడు పీకులు]

ఇప్పుడు చూడాల్సింది, తోక అన్నిటికీ ఉందా, కొన్నిటికేనా అని. అమీన్‌ల లాంటి బేసిక్ (క్షార గుణమున్న) పదార్థాలకే ఉంటే, సిలికా మీద మిగిలిపోయిన, కాస్త ఆమ్ల గుణమున్న సిలనాల్ గ్రూపులు వాటిని పట్టుకుంటున్నాయేమో అని అనుమానించాలి, మొబైల్ ఫేజ్, అంటే కాలమ్‌లోంచి పంపే ద్రవం, పీహెచ్ ఎంతో అడగాలి, ఎండ్‌క్యాపింగ్ (ఆ మిగిలిన గ్రూపులను కప్పేయడం) బాగా చేసిన కాలమ్ గురించి అప్పుడు మాట్లాడితే అర్థముంది. అన్ని పీకులూ పాడై, అందులోనూ ముందు వచ్చేవి ఎక్కువ పాడైతే మాత్రం నేను కెమిస్ట్రీ జోలికి పోను, "కాలమ్ మార్చినప్పుడు పాత ఫిట్టింగే బిగించారా?" అని అడుగుతాను. ఫిట్టింగ్ అంటే ట్యూబ్‌ని కాలమ్‌కి కలిపే బిగింపు. ఎందుకంటే అందులోని ఫెర్రూల్ (ట్యూబ్ చుట్టూ ఉండే చిన్న ఉంగరం) ఒకసారి ట్యూబింగ్‌కి కరుచుకుందంటే దాని ముందు మిగిలే ట్యూబ్ పొడవు ఇక మారదు, ఒక కంపెనీ కాలమ్‌లో సరిపోయిన పొడవు ఇంకో కంపెనీ కాలమ్‌లో చాలకపోవచ్చు, లోపల చిన్న ఖాళీ మిగిలిపోతుంది, శాంపిల్ అక్కడ సుడి తిరిగి పీక్ విచ్చుకుపోతుంది. లోపలి వ్యాసం 4.6 మిల్లీమీటర్లున్న కాలమ్‌లో అది అంతగా తెలియకపోవచ్చు, 2.1 మిల్లీమీటర్ల పొట్టి కాలమ్‌లో మాత్రం వెంటనే బయటపడుతుంది.

ఇది మాటల్లో చెప్తే తలూపుతారు, చేతికిస్తే అర్థమవుతుంది. అందుకే నా టేబుల్ మీద నిలువునా కోసిన కాలమ్ ఒకటి, పొడవు తేడా ఉన్న రెండు ఫిట్టింగులు ఎప్పుడూ ఉంటాయి. బిగించి చూడమంటాను. ట్యూబ్ చివర అడుగుకి తగలకుండా ఆగిపోయిన ఆ సన్నని సందు చూసి, "అమ్మో, మేం కాలమ్‌నే తిట్టుకున్నాం" అంటారు. ఆ రోజు వాళ్లు నా దగ్గర ఏమీ కొనక్కర్లేదు. పక్క స్టాల్ వాళ్ల కాలమ్ వాడుతున్నా అది మంచిదైతే మంచిదనే చెప్తాను, మా దగ్గర వాళ్ల పనికొచ్చేది లేకపోతే లేదనే చెప్తాను. టెక్నికల్‌గా తెలిసినవాళ్లని స్టాల్‌లో నిలబెట్టమని కంపెనీలను నేను గట్టిగా అడిగేది కూడా ఇందుకే, సేల్స్ మాటలు మాత్రమే వచ్చిన మనిషి ఈ పని చేయలేడు.

బ్యాడ్జ్ స్కాన్ చేస్తే పేరు, మెయిల్ వచ్చేస్తాయి, కానీ సాయంత్రానికి వందమంది అయ్యాక ఎవరిది ఏ గొడవో ఎవరికి గుర్తుంటుంది? మనిషి కదలగానే, ఇంకొకరు వచ్చేలోపే, విజిటింగ్ కార్డు వెనక రాసుకోండి.

[తెర మీద: కార్డు వెనక పెన్నుతో రాత]

"2.1 కాలమ్. మొదటి పీక్ తోక. ఫిట్టింగ్ మార్చి చూస్తామన్నారు. బుధవారం ఫోన్ చేసి కొత్త క్రొమటోగ్రామ్ అడగాలి."