పాత కిటికీ పీకే ముందు పైకి చూడండి

అందరికీ నమస్కారం.

కిటికీలు మార్చడం మీద సభ పెడితే మామూలుగా డబుల్ గ్లేజింగ్ గురించి, చలి తగ్గడం గురించి, రోడ్డు చప్పుడు ఆగడం గురించి మాట్లాడతారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. ఆ మాటలన్నీ అయిపోయి, కొత్త కిటికీలు బిగించి, డబ్బు కూడా కట్టేశాక నాకు ఫోన్ వస్తుంది. "పై గది గోడకి బీట కనిపిస్తోందండీ", "కిటికీ రెక్క పట్టేస్తోందండీ" అంటారు. వెంటనే ఇంకో మాట కూడా అంటారు: "ఇన్నేళ్లలో ఎప్పుడూ ఏమీ కాలేదు." వాళ్లు చెప్పేది నిజమే. ఇన్నేళ్లూ ఆ పాత చెక్క ఫ్రేమే పై గోడను మోస్తూ వచ్చింది. దాన్ని తీసి చెత్త బండిలో వేశారు.

లెక్క ప్రకారం కిటికీ ఫ్రేము మోయాల్సింది తన బరువు, అద్దం బరువు, గాలి తోపు. అంతే. పైన ఉన్న గోడను లింటెల్ (కిటికీ పైన అడ్డంగా వేసే దూలం) మోయాలి, లేదంటే కమాను మోయాలి. కానీ పాత ఇళ్లన్నీ ఈ లెక్క ప్రకారం కట్టలేదు. ముందు చౌకట్టు నిలబెట్టి, దాని చుట్టూ ఇటుక పేర్చుకుంటూ పోయి, పై వరస ఇటుకలను నేరుగా చౌకట్టు పై దుంగ మీదే కూర్చోబెట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన జంట పొరల గోడల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. లోపలి పొరకు కాంక్రీటు లింటెల్ ఉంటుంది, బయటి పొరకు ఏమీ ఉండదు. కిటికీ పైన నిలువుగా పేర్చిన ఒక వరస ఇటుకలు అందంగా కనిపిస్తాయి. అది కమాను కాదు, కేవలం అలంకారం. కింద చెక్క ఉన్నంతకాలం నిలబడుతుంది.

ఎంత బరువు అంటారా? 1.8 మీటర్ల వెడల్పు కిటికీ అనుకుందాం. గోడ బాగా కట్టినదైతే, పైన ఉన్న గోడ మొత్తం కిటికీ మీద పడదు. ఇటుకల అల్లిక వల్ల చాలా భాగం పక్కలకు జారిపోతుంది. మిగిలేది 45 డిగ్రీల వాలుతో త్రికోణం, ఎత్తు 0.9 మీటర్లు. గోడ మందం 230 మిల్లీమీటర్లయితే ఆ త్రికోణం బరువు దాదాపు 350 కిలోలు. ఆ త్రికోణంలోకి పై అంతస్తు నేల దూలాల చివరలు గానీ, కప్పు దూలాలు గానీ దిగితే లెక్క ఇంకా పెరుగుతుంది.

ఆ బరువు కింద ఇప్పుడు యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేము పెట్టాం. చూడటానికి లావుగా, గట్టిగా ఉంటుంది గానీ లోపలంతా అరలు అరలుగా బోలు. ఫ్రేము బయటి పొర మందం మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ. వంగకుండా నిలిచే గుణంలో స్టీలు దీనికన్నా సుమారు 80 రెట్లు ఎక్కువ. మామూలు పైన్ చెక్క కూడా నార వెంబడి చూస్తే మూడు నాలుగు రెట్లు ఎక్కువే. పైగా ప్లాస్టిక్ మీద బరువు నిలిచి ఉంటే ఏళ్ల తరబడి మెల్లగా సాగుతూనే ఉంటుంది. "లోపల స్టీలు ఉందండీ" అని సేల్స్ వాళ్లు చెబుతారు. ఉంటుంది, కాదనను. అది గాలికి ఫ్రేము వంగకుండా, హింజీలూ (రెక్క బందులు) తాళాలూ పట్టు తప్పకుండా పెట్టిన స్టీలు. చాలా ఫ్రేముల్లో మూలల దాకా కూడా రాదు. గోడను మోయడానికి దాన్ని ఎవరూ పెట్టలేదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మేస్త్రి పని పాడుచేయడం వల్లనే గోడ దిగిందని అనుకుంటారు. కానీ ప్లాస్టిక్ కిటికీని నూటికి నూరు శాతం పద్ధతి ప్రకారం బిగించినా ఇదే జరగొచ్చు. పీవీసీ ఎండకు బాగా పెరుగుతుంది. రెండు మీటర్ల ఫ్రేము 30 డిగ్రీల తేడాకు నాలుగు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అందుకే చుట్టూ ఐదు మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఖాళీ వదలమంటారు. మూల నుంచి 150 మిల్లీమీటర్లకు ఒక స్క్రూ, తర్వాత 600 మిల్లీమీటర్లు దాటకుండా ఇంకోటి, ఖాళీలో ఫోమ్, పైన సిలికాన్. మంచి పని అంటే ఇదే. అంటే మంచి పని చేసిన కిటికీకీ పై ఇటుకకీ మధ్య ఉన్నది ఖాళీ, దాన్ని నింపిన ఫోమ్. ఫోమ్ బరువు మోయదు. పాత ఫ్రేమే మోస్తోందని ముందే కనిపెట్టి దాని చోట లింటెల్ వేయకపోతే, కిటికీ ఎంత చక్కగా పెట్టినా గోడకు ఆసరా లేనట్టే.

మరి పీకిన రోజే ఎందుకు కూలదు? కొన్నిసార్లు కూలుతుంది. ఫ్రేము లాగగానే మధ్యలో రెండు మూడు ఇటుకలు జారితే, వాటిని మళ్లీ తోసి సిమెంటు పూసి పోతారు. ఎక్కువసార్లు మాత్రం పాత సున్నం పట్టు, ఇటుకల రాపిడి కలిసి కొన్నాళ్లు నిలబెడతాయి. కిటికీ పక్క రెక్కలు మూస్తూ తీస్తూ ఉంటే అదరడం, రోడ్డు మీద వాహనాల కంపనం, ఎండా వానా. ఒక చలికాలం గడిచేసరికి మెట్లు మెట్లుగా బీట కనిపిస్తుంది, కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా పైకి.

ఇక ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలు, బే విండోలు అంటాం కదా, వాటి దగ్గర కాస్త ఆగుదాం. నేను చూసిన పెద్ద నష్టాలన్నీ దాదాపు అక్కడే. బ్రిటన్‌లో 1930ల ఇళ్లలో రెండంతస్తుల బేలు వరసగా ఉంటాయి. కింద బే, పైన బే, ఆ పైన చిన్న కప్పు. పాత ఇంట్లో మూలల్లో నిలబడిన చెక్క స్తంభాలే పై కిటికీని, మధ్య పలకను, కప్పును, నేలలో కొంత భాగాన్ని మోస్తాయి. కిటికీ ఫ్రేమే స్తంభం అన్నమాట. దాన్ని మార్చేటప్పుడు మూల మూలకీ లోహపు పోలు పెట్టాలి. ఆ పోలుకు పైనా కిందా బరువు పరిచే పలకలు, బిగించే జాకీలు ఉంటాయి.

పోలు పెట్టడం మర్చిపోయిన ఇళ్లున్నాయి. అది తేలిగ్గా తెలిసిపోతుంది. నన్ను కలవరపెట్టేది పోలు పెట్టిన ఇళ్లు. ఒక ఇంట్లో మూలన ప్లాస్టిక్ తొడుగు విప్పించాను. లోపల తళతళలాడే అల్యూమినియం పోలు ఉంది. రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే గుండ్రంగా తిరిగింది. పైన తలభాగానికి తాకనే లేదు, వేలు దూరేంత సందు. కిందేమో ప్లాస్టిక్ సిల్ (కిటికీ అడుగు పట్టీ) మీద నిలబెట్టారు, ఆ సిల్ కింద బోలు. రెండంతస్తుల బరువు ఫ్రేము పై పట్టీ మీద కూర్చుని, పట్టీ మధ్యలో కిందికి వంగి, రెక్కను నొక్కుతోంది. ఇంటివాళ్లు అప్పటికి రెండుసార్లు హింజీలు సర్దించుకున్నారు. కాగితం మీద చూస్తే ఆ పని సరిగ్గానే ఉంది: "బే పోలులు అమర్చబడినవి" అని బిల్లులో రాసి ఉంది.

పోలు కింద ప్లాస్టిక్ ఉండకూడదు. సిల్ కోసి, పోలును రాతి మీదకో, ఇటుక మీదకో, గట్టి దిమ్మ మీదకో దించాలి. జాకీ బిగించి పై బరువు పోలు మీదకు ఎక్కిందని చూసుకున్నాకే తాత్కాలిక ఊతాలు తీయాలి. ఊతాలు ముందు తీసి పోలు తర్వాత బిగిస్తే, అప్పటికే దిగాల్సిందంతా దిగిపోయి ఉంటుంది. ఈ వరస తప్పకూడదని ఎంత చెప్పినా సాయంత్రం ఐదింటికి వాన మొదలయ్యేసరికి తప్పుతుంది.

రెండు కిటికీల మధ్య స్తంభం తీసేసి పెద్ద అద్దం పెట్టించుకోవడం, కొత్త ఫ్రేము కాస్త ఎత్తుగా వచ్చిందని లోపలి చెక్క లింటెల్‌ను కింద నుంచి చెక్కేయడం, ఇవి వేరే చెప్పనక్కర్లేదు. ఇవి కిటికీ పని కాదు, గోడ పని. ఇంజనీరు లెక్క లేకుండా చేయకండి.

చట్టం సంగతి ఒక మాట. ఇంగ్లండ్, వేల్స్‌లో 2002 ఏప్రిల్ నుంచి కిటికీలు మార్చడం కూడా భవన నిబంధనల కిందికి వచ్చింది. కిటికీల వాళ్లు తమ పనికి తామే ధ్రువపత్రం ఇచ్చుకునే ఫెన్సా పథకం అప్పుడే వచ్చింది. మంచిదే. కానీ ఆ పత్రం చేతిలో ఉంటే పై గోడ ఎవరు మోస్తున్నారో ఒక ఇంజనీరు చూశాడని అనుకోకండి.

నా ఉద్దేశంలో అసలు నష్టం కొలతలు తీసుకునే రోజే జరుగుతుంది. టేపు పట్టుకుని ఒకాయన వస్తాడు, వెడల్పు, ఎత్తు రాసుకుంటాడు, పది నిమిషాల్లో వెళ్లిపోతాడు. ఫ్రేము పైన ఏముందో చూడడు. పై ప్లాస్టరు ఒక చోట కొద్దిగా గీకితే లింటెల్ ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే అది రెండు వైపులా గోడలోకి ఎంత దూరిందో చూడాలి, కనీసం 150 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ మనిషిని అడగండి: "పై గోడను ఏది మోస్తోంది?" జవాబు రాతలో ఇమ్మనండి. ఇవ్వలేకపోతే ఆర్డరు ఆపండి. ఫ్రేములు ఫ్యాక్టరీలో తయారయ్యాక లింటెల్ కోసం ఎత్తు తగ్గించమంటే ఎవరూ వినరు.

ఇప్పటికే గోడ దిగిపోయిన వాళ్లకు మందు లేదా అంటే, ఉంది. గోడలోంచి అడ్డంగా దూలాలు దూర్చి కింద ఊతాలు పెట్టి, వదులైన ఇటుకలు తీసి, లింటెల్ ఎక్కించి, పైన సందును పొడి మోర్టారుతో గట్టిగా కూరి మూయడం. అది దిట్టమైన పని. ఇంకో దారి, ఇటుక వరసల మధ్య సందుల్లో మెలితిరిగిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు పెట్టి గ్రౌటు (సందులు నింపే సిమెంటు ముద్ద) నింపి, ఉన్న గోడనే దూలంలా చేయడం. కిటికీ తీయనక్కర్లేదు, అందుకని అందరూ దీన్నే అడుగుతారు. గోడ ఇంకా పెద్దగా దిగకముందైతే సరే. ఇటుకలు విడివిడిగా వేలాడుతుంటే నేను దీనికి ఒప్పుకోను.

బీట కనపడగానే టెన్షన్ పడకండి. ఫ్రేము పీకేటప్పటి సుత్తి దెబ్బలకు ప్లాస్టరు నెర్రెలివ్వడం మామూలే. బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ కొలమానంలో ఒక మిల్లీమీటరు లోపు బీటలు రంగు వేసేటప్పుడు సరిచేసుకునేవి. ఐదు దాటితే గోడ పని, 15 దాటితే పెద్ద మరమ్మతు. వెడల్పు కంటే ముఖ్యం అది పెరుగుతోందా లేదా అన్నది. బీట చివర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. నెల తర్వాత బీట గీత దాటిందా చూడండి. బే కప్పుకీ గోడకీ మధ్య వెలుతురు కనిపిస్తే మాత్రం నెల ఆగొద్దు. ఆ గదిలో పడుకోవడం మానేసి ముందు ఊతాలు పెట్టించండి.

రెక్క పట్టేస్తోందని హింజీ సర్దే మనిషిని పిలిచిన వాళ్లు ఇక్కడ కొందరు ఉన్నారని తెలుసు. అతను వచ్చేలోపు ఇది చేయండి. ఒకే మందం ఉన్న మూడు చిన్న చెక్కముక్కలు తీసుకోండి. రెండింటిని ఫ్రేము పై పట్టీ కింద రెండు మూలల్లో అంటించి, వాటి కింద నుంచి దారం బిగుతుగా లాగి కట్టండి. మూడోది మధ్యలో, దారానికీ పట్టీకీ మధ్య దూర్చండి. దూరకపోతే పట్టీ వంగింది. అప్పుడు హింజీ సర్దనివ్వకండి, రెక్క అంచు చెక్కనివ్వకండి. ఫొటో తీసి, బిగించిన వాళ్లకూ ఒక ఇంజనీరుకూ ఒకే రోజు పంపండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.