మన అడుగుల వెనక ఎవరొస్తారో

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చెప్పాలి, కానీ నాకిచ్చింది పది నిమిషాలే, నేరుగా విషయంలోకి వెళ్ళిపోతున్నా, ఏమీ అనుకోవద్దు.

కొండ మీద సరస్సుకి చలికాలం కొత్త దారి వెతుకుతున్నాం అంటే అందరూ అడిగేది ఒకటే, ఉన్న దారికేమైంది అని. ఆ దారి ఎండాకాలానిది. వాగు పక్కనే పోతుంది, నడక తేలిక. చలికాలం అదే వాగుకి రెండు పక్కలా వాలుల మీద మంచు పేరుకుని ఉంటుంది, పైన కాస్త జారినా సరే మొత్తం వచ్చి ఆ ఇరుకులోనే లోతుగా పడుతుంది. ఇలా మంచు జారిపడే అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే మొదలవుతాయి, కాబట్టి మనం నిలబడ్డ చోటు చదునుగా ఉందని ధీమా పడకూడదు, తలెత్తి పైన ఏముందో చూడాలి.

అందుకే మేము మ్యాప్‌లో ఎత్తు చూపే కాంటూర్ గీతలు దూరదూరంగా ఉన్నచోట్లు, అంటే వాలు తక్కువున్నచోట్లు చూసుకుని, చెట్లున్న రిడ్జ్, అంటే కొండ వీపు, పట్టుకున్నాం. మొదటిసారి సగం దారిలోనే పొద్దు వాలిపోయింది. రెండోసారి సరస్సు కనిపిస్తోంది, ఇంకో నాలుగొందల మీటర్లుంటుందేమో, ముందు నడిచే తమ్ముడు కాలు పెట్టగానే కింద మంచు 'వుఫ్' మని కుంగింది. పరుపు మీద ఒక్కసారిగా కూలబడితే వస్తుందే, ఆ చప్పుడు. అతని నడక కర్ర దగ్గర్నుంచి వెంట్రుకంత పగులు అలా పాకుతూ పోయింది. లోపలి పొర కూలింది, వాలు ఎప్పుడైనా జారొచ్చు అని దానర్థం. ఎవ్వరం మాట్లాడలేదు, ఒక్కొక్కరం ఎడం పాటిస్తూ వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చేశాం.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఇంటికొచ్చి, ఫోన్ జీపీఎస్‌లో రికార్డయిన మేం నడిచిన దారి, అదే ట్రాక్, ఫ్రెండ్స్‌కి పంపాను. ఎక్కడ ఆగామో, ఎందుకు ఆగామో రాయలేదు. తర్వాతి వారం నలుగురు పిల్లలు అదే ట్రాక్ పట్టుకుని వెళ్ళారు, అది ఆగిన చోట సిగ్నల్ పోయుంటుందిలే అనుకుని ముందుకే నడిచారు. ఒకబ్బాయి నడుం దాకా మంచులో కూరుకుపోయాడు, మిగతావాళ్ళు చేతులతో తవ్వి తీశారు. మర్నాడు ఆ అబ్బాయి నాకు ఫోన్ చేసి, "మీ ట్రాక్ చూసే వెళ్ళాం అన్నా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆ మాట నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

వాళ్ళ దగ్గర పార కూడా లేదండీ! పూర్తిగా కూరుకుపోయిన మనిషిని మొదటి పది నిమిషాల్లో తీస్తే చాలామంది బతుకుతారు, ఆ తర్వాత ఆశ గబగబా తగ్గిపోతుంది, రెస్క్యూ వాళ్ళు అంతలో రాలేరు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్ళే. అందుకని కూరుకుపోయినవాళ్ళ సిగ్నల్ పట్టే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ ప్రోబ్, తవ్వడానికి పార, ఈ మూడూ మనిషికొకటి ఉండాలి, గ్రూపుకొకటి కాదు.

దయచేసి మీ ఫోన్లు ఒకసారి తీయండి, ఇప్పుడే, ఇక్కడే. ఎవరికైనా పంపిన ట్రాక్‌లో మీరు వెనక్కి తిరిగిన చోటుందా? అక్కడ రెండు ముక్కలు రాయండి.

మూడోసారి రిడ్జ్‌కి ఇంకో పక్కనుంచి వెళ్ళి సరస్సు చేరాం. ఐసు మీదికి దిగలేదు. గట్టి తేట ఐసైనా మనిషి నడవడానికి కనీసం 10 సెంటీమీటర్లుండాలి, తెల్ల ఐసుకి దాంట్లో సగం బలమే, వాగు వచ్చి కలిసేచోట ఇంకా పల్చన. ఒడ్డునే పావుగంట నిలబడి, అనుకున్న టైముకి తిరిగొచ్చాం. ఈసారి ట్రాక్‌లో రెండోసారి ఆగిన చోట ఎర్ర గుర్తు పెట్టి, 'వుఫ్ మంది, తిరిగాం' అని రాసి, ముందు ఆ నలుగురికే పంపాను.