ఇది గూడ గంగనేనా బిడ్డా?

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో నాలుగు మాటలు చెప్పమని పిలిచినందుకు చాలా సంతోషం. నేను ఇరవై ఆరేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం రాజమండ్రి, రావులపాలెం, రాజోలు, అంతర్వేది దారుల్లోనే గడిచింది. అందుకని నాకు బాగా తెలిసిన సంగతే మీ ముందుకు తెచ్చాను. రాజమండ్రిలో ఒక రోజు కాలినడకన తిరిగి, మర్నాడు బస్సులో అంతర్వేది సముద్రం దాకా వెళ్లి, పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, గోదావరి వశిష్ఠ పాయ దాటి నరసాపురం చేరడం. రెండు రోజులు, తక్కువ డబ్బు.

ముందు ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి. ఒకసారి రాజమండ్రిలో మా బస్సు ఎక్కారు. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో. చేతిలో నీళ్ల సీసా, దాని మూతకు గుడ్డ కట్టి ఉంది. అంతర్వేదికి టికెట్టు తీసుకుని, "బిడ్డా, గంగ ఎక్కడెక్కడ వస్తదో చెప్తవా" అన్నారు. వాళ్లది బాసర దగ్గర పల్లెటూరట. అటువైపు గోదావరిని గంగ అంటారు. చిన్నప్పటి నుంచి ఇంటి దగ్గర చూస్తున్న నది చివరికి ఎక్కడికి పోతుందో చూడాలని బయలుదేరారు. సీసాలో ఉన్నవి బాసర నీళ్లు.

ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కగానే చెప్పాను. ఆవిడ దణ్ణం పెట్టుకున్నారు. పిచ్చుకలంక దాటి ర్యాలీ పాయ మీదికి వచ్చేసరికి మళ్లీ నీళ్లు కనిపించాయి. "ఇది గూడ గంగనేనా బిడ్డా?" ఆయ్, ఇదీ గోదారేనండి అన్నాను. బొబ్బర్లంక దిగాక రోడ్డు పక్కన కాలువ మొదలైంది. మళ్లీ అదే ప్రశ్న. కాలువండి, నది కాదు అన్నాను. "మరి నీళ్లెక్కడివి?" గోదారివేనండి. "ఇగ గంగనే కద" అని దానికీ దణ్ణం పెట్టారు. గన్నవరం అక్విడెక్టు, అంటే నది మీదుగా కాలువను దాటించే వంతెన, దాని మీద ఆవిడ అడగకముందే నేనే చెప్పాను: పైన కాలువలో ఉన్నదీ గోదారే, కింద పాయలో ఉన్నదీ గోదారేనండి అని. రోజూ వెళ్లే దారే. అయినా ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

అప్పటి నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిగా పడింది. గోదావరిని వరసగా చూడాలి. ఒక్కటిగా ఉన్నచోట మొదలుపెట్టి, చీలినచోట ఆగి, కలిసేచోటికి వెళ్లాలి. అలా చూడటానికి కారు అక్కర్లేదు. కారు నదిని దాటించేస్తుంది, అంతే. కాళ్లూ పల్లెవెలుగు బస్సూ అయితే నది పక్కనే ఉంచుతాయి.

ఇక రాజమండ్రి. రైలులో వచ్చేవాళ్లు, బండి గోదావరి స్టేషన్లో ఆగేదైతే అక్కడే దిగండి. గట్టు నడిచే దూరంలో ఉంటుంది. మనవైపు నుంచి బస్సులో వెళ్లేవాళ్లకు కోటిపల్లి బస్టాండు దగ్గర. ముందురోజు రాత్రికే చేరి ఒక మామూలు లాడ్జిలో పడుకోవడం మంచిది. ఎందుకంటే ఆ ఊరిని చూడాల్సిన సమయం తెల్లవారుజామున అయిదు.

ఆ వేళకు పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చోండి. ఇంకా చీకటి ఉంటుంది. స్నానానికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే దిగుతుంటారు. పక్కన ఎవరో పితృకర్మలకు పిండాలు కలుపుతుంటారు, ఇంకో పక్క చంటిపిల్లకు పుట్టువెంట్రుకలు తీయిస్తుంటారు. వెలుగు వచ్చేకొద్దీ వంతెనలు బయటపడతాయి. పాత హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. ఇప్పుడు దాని మీద రైలు లేదు, స్తంభాలు మాత్రం నీళ్లలో అలాగే నిలబడి ఉన్నాయి. దాని పక్కనే విల్లుల్లాంటి ఆర్చి వంతెన. కొంచెం దూరంలో 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన, కింద రైలు, పైన రోడ్డు. ఆర్చి వంతెన మీద రైలు వెళ్తున్నప్పుడు లోపలివాళ్లు కిటికీలోంచి నాణేలు విసరడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒడ్డున కూర్చున్నవాళ్లకు ఆ చప్పుడు వినిపించదు, చేతులు మాత్రం కనిపిస్తాయి.

తర్వాత గట్టు వెంట నడవండి. కోటిలింగాల రేవు, మార్కండేయస్వామి గుడి, గౌతమీ ఘాట్, అన్నీ ఆ చుట్టుపక్కలే. ఆటో అవసరం రాదు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది దామెర్ల రామారావుగారి చిత్రశాల. ఆయన 1897లో పుట్టి 1925లో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఆ కుర్రవాడి చెయ్యి చూసి బొంబాయిలో చదువుకోవడానికి సాయపడ్డారు. ఆ బొమ్మల్లో ఆడవాళ్లు నిలబడే తీరు, చీరకట్టు, చెట్ల కింద వెలుతురు చూడండి. మన ఊళ్లే అవి. నేను ఇన్నేళ్లు ఆ ఊరికి బస్సు తెచ్చి, రిటైరయ్యాకే లోపలికి వెళ్లాను. ఆ బాధ నాకు ఉంది. మీకు అలా కాకూడదని చెబుతున్నాను.

అక్కణ్నుంచి కందుకూరి వీరేశలింగంగారు పుట్టిన ఇల్లు, ఆయన 1890లో కట్టించిన టౌన్ హాలు. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. అంత పెద్ద పని జరిగిన వీధులు ఎంత ఇరుకో నడిస్తేనే తెలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయే వీధుల్లో, ఎదురింటివాళ్ల కళ్లముందే ఆయన నిలబడ్డారు. పుస్తకంలో చదివినప్పుడు నాకు ఇది తట్టలేదు. గ్రంథాలయంలో మాట్లాడుతున్నాను కాబట్టి గౌతమీ గ్రంథాలయం సంగతి కూడా చెప్పాలి. పాత తెలుగు పుస్తకాలు, తాళపత్రాలు ఉన్నచోటు అది. ఈ మ్యూజియాలకు, చిత్రశాలకు సెలవు రోజులు వేరువేరుగా ఉంటాయి, ముందే కనుక్కుని వెళ్లండి.

మధ్యాహ్నం ఎండలో తిరగకండి. తిని పడుకోండి. తిండి విషయంలో ఆ ఊళ్లో ఇబ్బంది లేదు. అన్న క్యాంటీనులో 5 రూపాయలకే భోజనం. సాయంత్రం కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగండి, అది మానెయ్యమని ఎవరికీ చెప్పను. పులస మాత్రం ఈ ప్రయాణంలో వద్దు. వరద నెలల్లోనే దొరుకుతుంది, ఒక చేప వేలల్లో ఉంటుంది. చీకటి పడ్డాక మళ్లీ పుష్కరాల రేవుకు రండి, హారతి చూడండి.

రెండో రోజు పొద్దున్నే ధవళేశ్వరం బస్సు. ఏడెనిమిది కిలోమీటర్లు. అక్కడ ఈ నదికి ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర పేరున మ్యూజియం ఉంది. తొందరపడకండి, కనీసం గంట ఇవ్వండి. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు ఈ నేలకు కరువులూ తెలుసు, ఉప్పెనలూ తెలుసు. ఇంత నది పక్కనే పోతూ కూడా జనం ఆకలితో చనిపోయారు. ఇవాళ మన పురోహితులు గోదావరి స్నానం చేయించేటప్పుడు కాటన్ దొరను తలుచుకునే శ్లోకం చెబుతారంటే, అది ఊరికే వచ్చిన గౌరవం కాదు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ తర్వాత కట్టినది, 1982కు పూర్తయింది. నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. వీలైతే ధవళేశ్వరం పాయ వరకైనా నడిచి దాటండి, గేట్ల కింద నీళ్ల హోరు బస్సులో వినిపించదు.

బొబ్బర్లంక నుంచి కాలువ పక్కనే దారి. ఆత్రేయపురం పూతరేకులు ఇటే. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లొల్ల లాకులు కూడా ఇటే. శనివారం మాత్రం ఈ దారి పట్టకండి. వాడపల్లి వెంకన్న కోసం ఏడు శనివారాల మొక్కువాళ్లతో రోడ్డంతా నిండిపోతుంది.

రావులపాలెంలో బస్సు మారి రాజోలు వైపు వెళ్తే పి.గన్నవరం వస్తుంది. అక్కడ కిటికీ పక్క సీటు పట్టుకోండి. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన చోటు అది. కాటన్ కాలంలో కట్టిన పాత అక్విడెక్టు ఇంకా కనిపిస్తుంది. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ లంకల గన్నవరంలో ఉండి, దారిన పోయే ఎవరికైనా, ఏ వేళ వచ్చినా అన్నం పెట్టిన తల్లి. 1909లో కాలం చేశారు. చేతిలో డబ్బు లేకుండా ఈ లంకల్లో ప్రయాణం చేసినవాళ్లు ఆవిడ ఇంటి అరుగు మీద ఆగి తిని వెళ్లారు. ఇవాళ నేను తక్కువ ఖర్చు ప్రయాణం గురించి చెబుతున్నానంటే, ఆవిడ పేరు ఎత్తకుండా ఎలా చెప్పను?

ఖర్చు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చేతిలో ఉంటే చాలు. కాబట్టి మేమిద్దరం వెళ్లినప్పుడు మా ఆవిడకు బస్సు ఖర్చే లేదు. నా టికెట్లు, ఒక రాత్రి గది, ఇద్దరి తిండి, పంటు అన్నీ కలిపి రెండు రోజులకు మూడు వేలు దాటలేదు. కారు మాట్లాడుకుంటే కారుకే అంతకంటే ఎక్కువ అవుతుంది.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, అక్కణ్నుంచి సముద్రం వైపు వెళ్లండి. సరుగుడు చెట్లు, లైట్‌హౌస్, ఆ తర్వాత ఇసుక. వశిష్ఠ సముద్రంలో కలిసేచోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. నది నీళ్ల రంగు ఒకటి, సముద్రం రంగు ఒకటి. రెండూ తోసుకుంటున్నట్టు ఉంటాయి.

ఇక్కడ గట్టిగా చెబుతున్నాను, కుర్రాళ్లు వినండి. అక్కడ నీళ్లలోకి లోతుగా దిగకండి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నది సముద్రంలోకి లాగుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా నిలబడలేరు. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో ఏడుపు. కాళ్లు తడుపుకోండి, చాలు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని అక్కడి జాలర్లను అడగండి. వాళ్లకంటే బాగా చెప్పేవాళ్లు లేరు. వాళ్లను ఇంకో మాట కూడా అడగండి, ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదని. చెయ్యి చాపి సముద్రం లోపల చూపిస్తారు. ఈ డెల్టా అంతా నది తెచ్చిన ఒండ్రుతో పుట్టింది. పైన కట్టిన ఆనకట్టల్లో ఆ ఒండ్రు ఆగిపోవడం ఒడ్డు కోతకు ఒక కారణం. పొద్దున్న ధవళేశ్వరంలో చూసినదానికీ సాయంత్రం ఇక్కడ చూసేదానికీ సంబంధం ఉందన్నమాట. వరసగా చూడమని నేను అన్నది ఇందుకే.

తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవుకు వచ్చి పంటు ఎక్కండి. మనుషులు, మోటార్‌సైకిళ్లు, కార్లు అన్నీ దాని మీదే. కొద్దిసేపే ప్రయాణం. నది మధ్యకు వచ్చేసరికి గాలి మారుతుంది. వరదలప్పుడు పంటు ఆపేస్తారు. అలాంటప్పుడు దిండి పక్కన చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చేరి రావాలి. సాయంత్రం ఆఖరి పంటు ఎన్నింటికో పొద్దున్నే కనుక్కోండి, లేకపోతే చీకట్లో టెన్షన్.

అవతల దిగేది మాధవాయిపాలెం రేవు. 17వ శతాబ్దంలో ఈ తీరానికి డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు గుడ్డల కోసం వచ్చారు. ఇక్కడ ఓడలు కూడా కట్టేవారు. మడపొల్లం అనే మెత్తటి నూలుగుడ్డకు ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. ఇప్పుడు నరసాపురం పేరు చెబితే లేసు. 2024లో దానికి కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి గుమ్మంలో కూర్చుని, చేతిలో క్రోషా సూదితో అల్లే ఆడవాళ్లను చూస్తారు. ఒక చిన్న బల్లగుడ్డ వెనుక ఎన్ని సాయంత్రాలు ఉంటాయో అడగండి. వాళ్ల దగ్గర నేరుగా కొనండి, చెప్పిన ధర ఇవ్వండి. కారు మానేసి మిగిల్చిన డబ్బు మన జేబులో ఉంది కదా, బేరం అక్కడ ఆడొద్దు. మా ఆవిడ ఒకటి కొంది. మా ఇంట్లో దేవుడి మందిరం ముందు ఉంది.

నరసాపురం నుంచి భీమవరం, నిడదవోలు మీదుగా రాజమండ్రికి రైలు మార్గం ఉంది. బస్సులూ ఉన్నాయి.

ఎప్పుడు వెళ్లాలంటే, కార్తీకం రద్దీ తగ్గాక, సంక్రాంతి జనం మొదలవకముందు. మాఘంలో భీష్మ ఏకాదశి నాటి స్వామి రథోత్సవానికి వెళ్తే అది వేరే ప్రయాణం, ఆ జనంలో తీరిగ్గా ఏమీ చూడలేరు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, అప్పుడు నేను చెప్పిన దారిలో సగం అందం ఉండదు. 2027లో పుష్కరాలు. ఆ రోజుల్లో రాజమండ్రిలో గది దొరకదు, అంతకుముందే వెళ్లి రండి.

ఆ బాసర అమ్మగారు అంతర్వేదిలో దిగినప్పుడు, బస్సు తిరిగి బయలుదేరడానికి అరగంట టైముంది. డ్రైవరుతో చెప్పి నేనూ ఆవిడతో ఒడ్డు దాకా వెళ్లాను. సీసా మూతకు కట్టిన గుడ్డ విప్పి, నీళ్లన్నీ అలల్లో పోశారు. కాసేపు అలాగే నిలబడి, "నడిచొస్తె ఇంత తొందరగ రాకపోదువు" అని ఆ నీళ్లతోనే అన్నారు. నాతో ఏమీ అనలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం నేనూ మా ఆవిడా మళ్లీ ఈ ప్రయాణం మొదలుపెడుతున్నాం. శనివారం రాత్రికే రాజమండ్రి చేరతాం. తెల్లవారుజామున అయిదింటికి పుష్కరాల రేవు మెట్ల మీద ఉంటాం. రాదలుచుకున్నవాళ్లు రండి. గట్టి చెప్పులు వేసుకోండి, ఆధార్ కార్డు మర్చిపోకండి, ఒక ఖాళీ సీసా తెచ్చుకోండి.