గుడ్డు విడుదల కావాలంటే వాపు రావాలి

వేదిక మీది పెద్దలకు, ఫార్మసీ విద్యార్థులకు నమస్కారం. శాలువాలవీ తర్వాత చూసుకుందాం. భోజనాల టైముకి ముగించకపోతే మీరే నన్ను దింపేస్తారు.

ఇన్‌ఫ్లమేషన్ అనగానే మీకు పరీక్షలో రాసినవే గుర్తొస్తాయి: ఎరుపు, వేడి, వాపు, నొప్పి. వస్తే తగ్గించెయ్యాలి, అంతే. కానీ అండం విడుదల కావడం కూడా అలాంటి ప్రక్రియేనని 1980లోనే అమెరికా శాస్త్రవేత్త లారెన్స్ ఎస్పీ ప్రతిపాదించారు. గుడ్డు విడుదలకు సంకేతమిచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా ఎగదన్నాక సుమారు 36 గంటల్లో అంతా జరిగిపోతుంది. తెల్ల రక్తకణాలు ఫాలికల్, అంటే అండాశయంలో గుడ్డు పెరిగే సంచి, చుట్టూ చేరతాయి. ఇంటర్‌ల్యూకిన్లు, టీఎన్‌ఎఫ్, ప్రోస్టాగ్లాండిన్లు లాంటి వాపు రసాయనాలు పెరుగుతాయి. ఎంజైములు ఆ సంచి గోడకు బలమిచ్చే కొలాజెన్‌ను కరిగిస్తాయి. చివరికి పండిన దోసపండులా ఒకచోట పగులుతుంది.

మిగతాది స్లైడ్లలో ఉంది, చదువుకోండి. నేను చెప్పాలని వచ్చింది ఒకమ్మాయి సంగతి.

రోజంతా కుట్టు మిషన్ మీద పని. పెళ్లై నాలుగేళ్లు, పిల్లల్లేరు. ఫైలు ఇంత లావు. హార్మోన్లు నార్మల్, ట్యూబులు నార్మల్, ఆయన రిపోర్టూ నార్మల్. స్కాన్లో ఫాలికల్ 22 మిల్లీమీటర్ల దాకా చక్కగా పెరిగింది. మర్నాడు చూస్తే పగల్లేదు. ఆ మర్నాడూ అంతే. గుడ్డు విడుదలయ్యాక పెరిగే హార్మోన్ ప్రొజెస్టరాన్ మాత్రం పెరిగింది! కాగితం చూస్తే గుడ్డు విడుదలైందనే అనుకుంటాం.

‘మందులేమైనా వాడుతున్నావా అమ్మా?’

‘ఏం లేదు మేడం.’

చీటీ పెట్టుకోవడానికి బ్యాగు తెరిస్తే అందులో స్ట్రిప్. ‘అది మందు కాదు మేడం, నడుం నొప్పి బిళ్ల.’ డైక్లోఫెనాక్! మెడికల్ షాపులో ఇచ్చారట. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నెలల తరబడి.

మందు కాదట! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల మీద కాదు. అంత ఫైల్లో ఒక్క కాగితం మీద కూడా ఆ బిళ్ల పేరు లేదు. అడిగిన నాథుడు లేడు.

ఆ బిళ్ల, ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే కాక్స్ ఎంజైమును ఆపుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు తగ్గి నడుముకు హాయిగానే ఉంటుంది. ఫాలికల్ మాత్రం పగలకుండానే, మామూలుగా పగిలాక మారాల్సిన, ప్రొజెస్టరాన్ తయారుచేసే కార్పస్ లూటియంగా మారిపోవచ్చు, గుడ్డు లోపలే ఉండిపోతుంది. నెలసరి టైముకే వస్తుంది. ఇక అనుమానం ఎందుకొస్తుంది చెప్పండి? బిళ్ల ఆపించాక తర్వాతి నెల స్కాన్లో ఫాలికల్ పగిలింది. కడుపొచ్చిందా అని వెనక ఎవరో అడుగుతున్నారు. అది ఆమె ఇంటి విషయం, వదిలెయ్యండి.

అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కీళ్లవాతం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మానేస్తే ఇంకో ప్రమాదం. అన్నట్టు, గర్భం రాకుండా ఈ నొప్పి బిళ్లలు వాడొచ్చా అని హాస్టల్ పిల్లలు అడుగుతుంటారు. వద్దు, వీటిని నమ్ముకోవడానికి లేదు.

రేపు కౌంటర్ వెనక నిలబడేది మీరే. నొప్పి బిళ్ల రోజూ కొనే అమ్మాయిని ‘పిల్లల కోసం చూస్తున్నారా అమ్మా’ అని అడగండి. గొంతు తగ్గించి అడగండి, పక్కన నలుగురుంటారు. అవునంటే డాక్టర్ దగ్గరికి పంపండి. ఏం బాబూ, నవ్వుతున్నావ్? సిగ్గా? ఇలా స్టేజి మీదికి రా. నువ్వే షాపువాడివి, నేను నడుం నొప్పి మనిషిని. అడుగు, చూద్దాం.