నిమ్మముల్లుకి ఆగే జీన్స్

(తెర మీద: నిమ్మకొమ్మ, ఆకుచాటున ముల్లు. పక్కన తొడ దగ్గర చిరిగిన జీన్స్.)

ఈ చిరుగు చూడండి. పొదలకూరు దగ్గర నిమ్మతోటలో కాయలు కోస్తా ఉంటే మూడో వారానికే ఇట్లా అయింది. గుడ్డంటే కుట్టించుకోవచ్చు, తొడమీద గీత మానడానికి నెల పట్టింది. తప్పు ముల్లుది కాదులే, నాదే. కొనేటప్పుడు సాగుతుందా లేదా అనే చూశా. రబ్బరులాగా సాగింది, తెచ్చేసుకున్నా.

ముందొక మాట. వరినాట్లకి జీన్స్ వద్దే వద్దు. తడిస్తే బరువు, ఒక పట్టాన ఆరదు. అక్కడ చీర ఎగ్గట్టి మీద ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కునే మన పద్ధతే మేలు. నిమ్మతోట, చిల్లకంప కొట్టడం, గొడ్లకొట్టం, రొయ్యల గుంట గట్టు మీద తిరగడం, వీటికే నేను చెప్పేది.

షాపులో లోపలి లేబుల్ తిప్పండి. ఎలాస్టేన్ అనో స్పాండెక్స్ అనో ఉంటుంది, సాగే పోగు అదే. ఒకటి, రెండు శాతమైతే కూర్చోడానికి సుఖం. ఐదూ ఆరూ ఉంటే అక్కడే పెట్టేయండి. వేడికి ఆ పోగు చచ్చుబడి మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడుద్ది.

తర్వాత మందం. చదరపు గజం గుడ్డ ఎన్ని ఔన్సులు తూగుద్దో చెప్తారు. 12 ఔన్సులంటే చదరపు మీటరుకి 400 గ్రాముల పైమాటే. 14 ఔన్సులది ఇంకా గట్టిదే, కానీ రోహిణి కార్తెలో తొడిగితే ఉడికిపోతాం. నా ఓటు 11, 12కే. ఈ లెక్క లేబుల్ మీద చాలాసార్లు ఉండదు. అప్పుడిట్లా చేయండి.

(దగ్గరగా: ప్యాంటు కాల్లో చెయ్యి, ఎదురుగా ట్యూబులైటు.)

వేళ్ల నీడ కనపడిందా, అది కాలేజీకి పోయే జీన్స్.

ట్రయల్ రూములో అద్దం చూసుకోవద్దు. పాలు పితికేటప్పటిలాగా గొంతుక్కూర్చోండి. వెనక నడుం జారినా, తొడ పట్టేసినా వద్దు. కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసేచోటే ముందు పిగిలేది. కొన్నిటికి అక్కడ విడిగా గుడ్డముక్క వేసుంటారు, దొరికితే వదలొద్దు. లేకుంటే టైలర్‌తో వేయించుకోండి. పొడవు తగ్గించినప్పుడు మిగిలే గుడ్డ దానికి సరిపోద్ది. కాకపోతే ఒకసారి ఉతికి ఆరేశాకే కాళ్లు కత్తిరించాలి, నూలుగుడ్డ కుంచించుకుపోద్ది.

ఇక జేబులు. పనోళ్ల జేబులు ఊరికే పిగిలిపోతున్నాయని మూలల్లో లోహపు రివెట్లు కొట్టి, 1873లో అమెరికాలో జేకబ్ డేవిస్ అనే టైలరూ, లీవై స్ట్రాస్ అనే వ్యాపారీ పేటెంటు తీసుకున్నారు. ఆ లీవై స్ట్రాస్ కంపెనీయే ఆడవాళ్లకని జీన్స్ తెచ్చింది 1934లో. ఇన్నేళ్లయినా మన జేబులో సెల్లు సగమే పట్టుద్ది!

అందుకే నేనిప్పుడు మగవాళ్ల వైపు పోయి కొంటా. "అన్నకా అక్కా?" అంటాడు షాపు పిల్లోడు. నాకే నాయనా అంటా. నడుం టైలర్ సరిచేస్తాడు.

తోటకి పురుగుమందు కొట్టిన రోజు తొడుక్కున్నది ఇంట్లో బట్టల్లో కలపొద్దు, విడిగా ఉతకండి.

చిరిగిన పాతదేమైందంటారా?

(దగ్గరగా: కొత్త జీన్స్ మోకాళ్లు, రెండు వరుసల కుట్టుతో అతుకులు.)

ఇదిగో, ఇక్కడుంది.