డాబా మీద తెల్ల పూత: బిల్లు ఎంత తగ్గుతుంది, పూత ఎందుకు ఊడుతుంది

నమస్కారం అండి. మే నెలలో పై అంతస్తులో రాత్రి పదింటికి ఫ్యాన్ వేస్తే వేడి గాలే కొడుతుంది కదా. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు మధ్యాహ్నం పీల్చుకున్న వేడి కిందికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మీరు ఏసీ వేసే వేళకి అది గదిలోకి దిగుతూ ఉంటుంది. ఏసీ ముందు స్లాబుతోనే కుస్తీ పడుతుంది.

కాగితం మీద లెక్క చూద్దాం. పన్నెండు బై పన్నెండు అడుగుల గది, పైకప్పు సుమారు 13.4 చదరపు మీటర్లు. మే ఎండ చదరపు మీటరుకు రోజుకు ఆరు యూనిట్ల (కిలోవాట్-గంటల) పైచిలుకు పడుతుంది. పాత బూడిదరంగు స్లాబు అందులో 70 శాతం దాకా పీల్చుకుంటే, మంచి తెల్ల పూత 25 శాతం పీల్చుకుంటుంది. తేడా చదరపు మీటరుకు 2.7 యూనిట్లు, గది మొత్తానికి 36. దీంట్లో చాలావరకు గాలికే పోతుంది, సుమారు ఏడో వంతు లోపలికి దిగుతుంది. అంటే ఐదు యూనిట్ల వేడి. మూడు యూనిట్ల వేడి తోడడానికి ఏసీ ఒక యూనిట్ కరెంటు తాగుతుంది అనుకుంటే, పగలూ రాత్రీ నడిచే గదికి రోజుకు సుమారు ఒకటిముప్పావు యూనిట్ల కరెంటు మిగులు. రాత్రి మాత్రమే వేస్తే అంత రాదు. మిగిలేవి మాత్రం మీ బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన యూనిట్లు, ఎందుకంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది, కోత పడేది ఆ పై రేటు నుంచే. ఇదంతా పై అంతస్తుకే అండి. కింద పోర్షన్ వాళ్లకి ఒరిగేదేమీ లేదు.

ఫాల్స్ సీలింగ్ చాలదా అని చాలామంది అడుగుతారు. వేడిని కొంత ఆపుతుంది. కానీ పైన స్లాబు కాగుతూనే ఉంటుంది, పగలు వ్యాకోచించి రాత్రి సంకోచించి పగుళ్లిస్తూనే ఉంటుంది. డబ్బు ముందు పైన పెట్టండి.

ఇక పని. ఫిబ్రవరిలో మొదలుపెట్టండి. కొత్త స్లాబైతే 28 రోజులు దాటాలి. ముందుగా నాలుగు బకెట్ల నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో సుద్దముక్కతో గీయండి. పూత ఊడేది, మురికి పట్టి నల్లబడేది ఆ గుంటల్లోనే. అక్కడ మీటరుకు సెంటీమీటరు వాలు వచ్చేలా సిమెంటుతో సరిచేసి, ఆరనివ్వండి.

తర్వాత వైరు బ్రష్షు, బ్లీచింగ్ పౌడరు పట్టి పాచి మొత్తం వదిలించండి. కడిగాక పూర్తిగా ఒక రోజు ఆరాలి. సన్న పగుళ్లకి క్రాక్ ఫిల్లర్ చాలు. వెడల్పు పగుళ్లని ఉలితో వి ఆకారంలో తెరిచి పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు గార) నింపాలి. ఇప్పుడు ఈ మూల చూడండి, పిట్టగోడ స్లాబుని కలిసే చోటు. ఇక్కడ మూల గుండ్రంగా వచ్చేలా సిమెంటు వేసి, మొదటి కోటు తడిగా ఉండగానే ఫైబర్ మెష్ (సన్నటి వల) పరిచి నొక్కాలి. మెష్ కింద గాలి బుడగ మిగిలితే వానాకాలానికి అక్కడే లేస్తుంది.

వెయ్యి చదరపు అడుగులకి రెండుసార్లు వేయడానికి నలభై, యాభై లీటర్ల తెల్ల పూత పడుతుంది. ఇరవై లీటర్లతో అయిపోతుందని మేస్త్రి అంటే నీళ్లు కలుపుతాడని అర్థం. నీళ్లు కలిపేది ప్రైమర్ కోటుకి (అన్నిటికన్నా ముందు వేసే అడుగు పూతకి), అదీ డబ్బా మీద రాసినంతే. తర్వాతి రెండు కోట్లూ చిక్కగా, మొదటిది నిలువుగా, నాలుగైదు గంటలు ఆగి రెండోది అడ్డంగా. పొద్దున తొమ్మిదిలోపు గానీ సాయంత్రం ఐదు దాటాక గానీ వేయండి. కాలే స్లాబు మీద వేస్తే పూత అతుక్కోకముందే పైన ఆరిపోయి పెచ్చులుగా లేస్తుంది.

బడ్జెట్ లేకపోతే సున్నం. పది కిలోల జల్లించిన సున్నానికి కిలో దాకా డీడీఎల్ (సున్నంలో కలిపే జిగురు). తెలుపు బాగానే ఉంటుంది, కాకపోతే ఏటా వేసుకోవాలి, కాళ్లకీ ఆరేసిన బట్టలకీ అంటుతుంది.

రేకుల ఇల్లయితే వేడి వెంటనే దిగుతుంది, సాయంత్రానికి పోతుంది. పైన తెల్ల పూత అక్కడా పనిచేస్తుంది. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా గీకకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిపి, మెత్తటి బ్రష్షుతో కడగండి.

తెలంగాణలో కట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: 2023 కూల్ రూఫ్ విధానం ప్రకారం 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకి కూల్ రూఫ్, అంటే ఎండని తిప్పికొట్టే ఇలాంటి పైకప్పు, తప్పనిసరి.

దుమ్ము పడితే తెలుపు పోతుంది, తెలుపు పోతే పై లెక్క కూడా పోతుంది. అందుకే ఏటా ఫిబ్రవరి చివర సబ్బు నీళ్లతో ఒకసారి కడగండి. యాసిడ్ మాత్రం వాడకండి, పూతని తినేస్తుంది.